మెదడులో తీగచుట్ట – ఆగాలా, వద్దా?

అయస్కాంత వైద్యం అనగానే మనవాళ్ళలో రెండు జట్లు తయారవుతాయి. మొదటి జట్టు చేతికి అయస్కాంతం కడియం, మంచం మీద అయస్కాంతాల పరుపు వేసుకుని, మోకాళ్ళ నొప్పులు మాయమయ్యాయని ఊరంతా చెప్పే జట్టు. ఆ పరుపు మనకీ ఒకటి అంటగట్టి, మన కింద ఇంకో ఇద్దర్ని చేర్పించమనేది కూడా ఈ జట్టే :) రెండో జట్టు "అయస్కాంతం" అన్న మాట చెవిన పడగానే "అదంతా బోగస్ అండీ" అని మొహం తిప్పుకునేవాళ్ళు. ఇంజనీరింగు వెలగబెట్టినవాళ్ళం సాధారణంగా ఇందులోకే వస్తాం. చిత్రమేంటంటే, మెదడు విషయానికొచ్చేసరికి రెండు జట్లూ సగం సగమే రైటు.

పరుపు సంగతి ముందు తేల్చేద్దాం. ఎమ్మారై స్కానింగుకి వెళ్ళినవాళ్ళు 1.5 టెస్లా, ఒక్కోసారి 3 టెస్లాల అయస్కాంతం మధ్యలో అరగంట పడుకుని లేచి వస్తారు. ఫ్రిజ్ తలుపుకి అంటించే బొమ్మ అయస్కాంతం బలం టెస్లాలో వందో వంతు కూడా ఉండదు. అంత పెద్ద అయస్కాంతంలో పడుకుంటేనే మోకాళ్ళ నొప్పులు తగ్గనప్పుడు, పరుపులో కుట్టిన బిళ్ళలు ఏం చేస్తాయో మీరే ఆలోచించండి. కదలకుండా కూర్చున్న అయస్కాంతానికి మన నరాలతో పెద్దగా పని లేదు. అసలు కథంతా మార్పులో ఉంది. 1831లో ఫారడే కనిపెట్టింది అదే కదా.. అయస్కాంత క్షేత్రం మారుతున్నప్పుడు పక్కనున్న వాహకంలో కరెంటు పుడుతుంది. ఇంటర్ ఫిజిక్సులో చదివాం, ఇంజనీరింగులో ఈఎమ్‌టీఎల్ పేరుతో మళ్ళీ చదివాం (ఈసీఈ వాళ్ళకి ఆ సబ్జెక్టు పేరు వింటేనే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది), పరీక్ష అవ్వగానే మర్చిపోయాం.

మెదడు కూడా వాహకమే. ఉప్పునీటిలాంటి ద్రవంలో నానుతున్న కోట్లాది నరకణాలు. అంటే తల పక్కన ఒక తీగచుట్ట పెట్టి, అందులో కరెంటు గబుక్కున పెంచి తగ్గిస్తే, పుర్రె లోపల కరెంటు పుట్టాలి. 1896లో ఫ్రాన్సులో దార్సన్‌వాల్ అనే ఆయన పెద్ద తీగచుట్టలో తల పెట్టిస్తే, కళ్ళ ముందు మెరుపులు కనిపించాయి. అది పనికొచ్చే యంత్రం కావడానికి దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం ఒక మనిషి తల మీద, చేతిని కదిలించే భాగానికి పైన తీగచుట్ట ఆనించి ఒక్క పల్స్ ఇస్తే, చెయ్యి తనంతట తనే ఎగిరింది. కోత లేదు, సూది లేదు, మత్తుమందు లేదు. దీన్నే టీఎమ్మెస్ అంటారు. డిప్రెషన్‌కి దీన్ని వాడటానికి అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది. మన దగ్గర కూడా పెద్ద ఊళ్ళలో ఈ కుర్చీలు ఉన్నాయి. వారానికి అయిదు రోజుల చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు వెళ్ళి కూర్చోవాలి, టకటకమని శబ్దం వస్తుంది, అయ్యాక లేచి బండి మీద ఇంటికి వచ్చేయొచ్చు.

కాబట్టి అయస్కాంతంతో మెదడుని కదిలించడం బోగస్ ఏమీ కాదు. ఇది రెండో జట్టు వాళ్ళ కోసం.

ఇదంతా నేను ఖాళీగా ఉండి చదవలేదు. మా మావయ్య కోసం చదివాను. ఆయన కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. తొమ్మిదేళ్ళుగా పార్కిన్సన్స్. మన పాతవాళ్ళు కంపవాతం అనేవారే, అదే. సిండోపా మాత్ర మొదట్లో రోజుకి మూడుసార్లు వేసుకునేవాడు. ఇప్పుడు ఆరుసార్లు. "మాత్ర పట్టినంతసేపు మనిషిని రా, దిగిపోయాక మైలురాయిని" అంటాడు. మాత్ర మోతాదు పెరిగేకొద్దీ ఇంకో తలనొప్పి.. పనిచేసే సమయంలో ఒళ్ళు దానంతటదే మెలికలు తిరుగుతుంది. డాక్టరుగారు డీబీఎస్ ఆపరేషన్ గురించి ఆలోచించుకోమన్నారు. ఆ మాట అన్న వారానికి డాలస్‌లో ఉండే మా బావ (ఆయన కొడుకే) ఒక వీడియో వాట్సాప్‌లో పంపాడు. మెదడులో ఎలక్ట్రోడు బదులు ఇసుక రేణువంత అయస్కాంతం పెడతారట, వణుకు మాయమట, ఇదే భవిష్యత్తట. మావయ్య నాకు ఫోన్ చేశాడు.

"ఏరా, నువ్వు ఎలక్ట్రానిక్సే కదా చదివింది? ఇది వచ్చేదాకా ఆగితే పోలా?"

ప్రశ్న చిన్నదే. కానీ జవాబు తేడా వస్తే పోయేది ఆయన ఏళ్ళు. డీబీఎస్ ఎప్పుడంటే అప్పుడు చేసే ఆపరేషన్ కాదు. మాత్రకి ఒళ్ళు ఇంకా స్పందిస్తూ ఉండాలి, జ్ఞాపకశక్తి, ఆలోచన బావుండాలి, ఆపరేషన్ తట్టుకునే ఆరోగ్యం ఉండాలి. ఆగుతూ కూర్చుంటే ఆ తలుపు మూసుకుపోవచ్చు. అందుకని నేను రెండు వారాలు సాయంత్రాలు కూర్చుని, ఆ వీడియో వెనకున్న అసలు పేపర్లు చదివాను. నాకు అర్థమైనంత ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి వీడియో ఎవరో ఒకరు పంపే ఉంటారు.

ముందు డీబీఎస్ ఏంటో చెప్పాలి. 1987లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో బెనబిద్ అనే న్యూరోసర్జన్, మెదడు లోపల ఒక చోట వేగంగా కరెంటు పల్సులు ఇస్తే వణుకు ఆగుతోందని గమనించాడు. అక్కడ మొదలైన దారి ఇది. పార్కిన్సన్స్‌కి అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది. మిల్లీమీటరు పైచిలుకు మందం ఉన్న తీగని పుర్రెలోంచి లోపలికి దించి, చిక్కుడు గింజ కంటే చిన్నదైన ఒక కేంద్రంలో దాని కొస ఉండేట్టు పెడతారు. తీగ చర్మం కిందగా మెడ మీంచి ఛాతీలోకి వస్తుంది, అక్కడ పేస్‌మేకరు లాంటి డబ్బా ఉంటుంది. సెకనుకి 130 దాకా పల్సులు, ఒక్కోటి 60 మైక్రోసెకన్లు, కరెంటు కొద్ది మిల్లీఆంపియర్లు. జబ్బు నయం కాదు, ముందుకెళ్ళడం ఆగదు. వణుకు, బిగుసుకుపోవడం బాగా తగ్గుతాయి, మాత్రలు తగ్గుతాయి. కొన్ని లక్షల ఖర్చు.

దీంట్లో లోపాలు లేవా అంటే ఉన్నాయి. కరెంటుని లోపల వదలడమంటే తోటలో గొట్టం పెట్టి నీళ్ళొదలడం లాంటిది. మనం తడపాలనుకున్న మొక్క ఒకటి, నీళ్ళు పారేది పల్లం ఎటుంటే అటు. ఆ చిక్కుడు గింజకి ఆనుకునే ఒళ్ళంతటినీ కదిలించే నరాల కట్ట ఒకటి పోతుంది. కరెంటు కాస్త అటు ఒలికితే మొహం లాగేస్తుంది, మాట ముద్దగా వస్తుంది. రెండోది, లోహం నేరుగా కణజాలానికి తగులుతోంది కాబట్టి అక్కడ రసాయన చర్యలు జరక్కుండా ప్రతి పల్సుకీ అంతే ఎదురు పల్సు ఇచ్చి లెక్క సరిచెయ్యాలి. మూడోది, పరాయి వస్తువు చుట్టూ మెదడు ఒక మచ్చలాంటి పొర అల్లుకుంటుంది, దాంతో అడ్డంకి మారిపోతూ ఉంటుంది. డాక్టరు మళ్ళీ మళ్ళీ సెట్టింగులు మార్చాలి. ప్రొడక్షన్‌లో సర్వరు ట్యూనింగు లాంటిదే అనుకోండి, కాకపోతే సర్వరు మాట్లాడదు, బాధపడదు.

మరి పైనుంచి టీఎమ్మెస్ కొడితే సరిపోదా అని మీకు డౌటు రావచ్చు. నాకూ వచ్చింది. కుదరదు. బయట తీగచుట్టలో వేల ఆంపియర్ల కరెంటుని వంద, రెండొందల మైక్రోసెకన్లలో లేపి దించుతారు. అంత చేసినా ప్రభావం రెండు, మూడు సెంటీమీటర్ల లోతు వరకే. తీగచుట్టలు ఎన్ని పెట్టి ఎలా తిప్పినా, లోపల ఒక బిందువు దగ్గర పైభాగం కంటే ఎక్కువ క్షేత్రం తెప్పించడం సాధ్యం కాదు. అది ఇంజనీర్ల చేతకానితనం కాదు, మాక్స్‌వెల్ సమీకరణాలే ఒప్పుకోవు. ఇక గురి సంగతి.. అది సెంటీమీటర్లలో ఉంటుంది. చిక్కుడు గింజని సుత్తితో కొట్టినట్టు అవుతుంది.

సరే, అసలు విషయానికొద్దాం. తీగచుట్టని బయట పెడితే లోతుకి అందట్లేదు, ఎలక్ట్రోడుని లోపల పెడితే కరెంటు ఒలికిపోతోంది. అయితే తీగచుట్టనే బుల్లిగా చేసి లోపల పెడితే?

2012లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ నుంచి జోర్జో బొన్మాసర్, షెల్లీ ఫ్రైడ్, క్లీవ్‌లాండ్ క్లినిక్ నుంచి జాన్ గేల్ తదితరులు కలిసి ఒక పేపరు వేశారు. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళు వాడిన వస్తువు. ప్రత్యేకంగా ఏదీ తయారు చెయ్యలేదు. మన మొబైల్ ఫోన్ బోర్డుల మీద ఉండే లాంటి, మార్కెట్లో దొరికే ఇండక్టరు తీసుకున్నారు. పొడవు మిల్లీమీటరు, వెడల్పు అందులో సగం. దాన్ని కుందేలు కంటి రెటీనా మీదకి తెచ్చి పల్సులు ఇస్తే, రెటీనాలోని కణాలు స్పందించాయి. ఇంకో సంగతి, ఇండక్టరుని పడుకోబెడితే ఒక రకంగా, నిలబెడితే ఇంకో రకంగా స్పందించాయి. మరుసటి ఏడాది, 2013లో, క్లీవ్‌లాండ్ వాళ్ళే హామ్‌స్టర్ మెదడులో వినికిడికి సంబంధించిన కేంద్రం మీద ఇలాంటి తీగచుట్ట పెట్టి, పైనున్న ఇంకో కేంద్రంలో దాని ప్రతిస్పందన కొలిచారు.

తర్వాత 2016లో సంగ్ వూ లీ, ఫ్రైడ్ తదితరుల పేపరు. అప్పటికి ఇండక్టరు పోయి, వెంట్రుక మందం లెక్కల్లోకి వచ్చేశారు. సన్నటి సిలికాన్ సూది మీద రాగి గీత.. కొస దగ్గర ఒక్క వంపు, అంతే. తీగచుట్ట అనడానికి కూడా లేదు, తలపిన్ను వంపు అనాలి. దాన్ని చిట్టెలుక మెదడులో, మీసాలు కదిలించే భాగంలోకి దించి పల్సులిస్తే, మత్తులో ఉన్న చిట్టెలుక మీసాలు కదిలాయి. దీనికంటే ముఖ్యమైనది మెదడు ముక్కల మీద చూసిన ఇంకో ఫలితం. కార్టెక్సులో కొన్ని కణాలు పైనుంచి కిందకి నిటారుగా నిలబడి ఉంటాయి, ఎక్కడెక్కడి నుంచో వచ్చే నరాలు అడ్డంగా పోతుంటాయి. ఎలక్ట్రోడు ఈ రెంటినీ కలిపి కొడుతుంది. ఈ వంపు తీగ మాత్రం నిలువు కణాల్ని లేపి, అడ్డంగా పోయేవాటిని వదిలేసింది. గొట్టం నీళ్ళు అనుకున్న మొక్క పాదులోనే పడ్డట్టు అన్నమాట.

ఇదంతా మావయ్యకి ఫోనులో చెప్తుంటే మధ్యలో ఆపాడు.

"అంటే ట్రాన్స్‌ఫార్మరే కదరా. ఆ తీగ ప్రైమరీ. సెకండరీ ఎక్కడ?"

"నీ బుర్రే మావయ్యా సెకండరీ."

కాసేపు నవ్వాడు. తర్వాత అడిగిన ప్రశ్న మాత్రం పేపర్ల మీద కామెంట్లు రాసేవాళ్ళు అడగాల్సింది. "ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కుద్ది కదా మరి?"

ముప్పై ఏళ్ళు స్తంభాలెక్కిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే కాస్త లెక్క చూడాలి, ఓపిక పట్టండి.

తీగచుట్టని చిన్నది చేస్తూ పోతే ఏమవుతుంది? అదే ఆకారం, అదే వేగంతో మారే కరెంటు ఉంచి, సైజు మాత్రం వంద రెట్లు తగ్గించి, వంద రెట్లు దగ్గరికి జరిగి చూశామనుకోండి. అక్కడ పుట్టే విద్యుత్ క్షేత్రం పెరగదు, తగ్గదు. కానీ ఆ క్షేత్రం ఒక చోటి నుంచి పక్క చోటికి మారే వాలు వంద రెట్లు నిటారవుతుంది. నరానికి కావలసింది చాలావరకు ఈ వాలే.. నరం పొడవునా క్షేత్రం ఒకేలా ఉంటే అది పెద్దగా పట్టించుకోదు, ఒక కొసకీ ఇంకో కొసకీ తేడా ఉంటేనే లేస్తుంది. చిన్న తీగచుట్టకున్న బలం ఇది. దిశని బట్టి కణాల్ని ఎంచుకోగలగడం కూడా దీన్నుంచే వస్తుంది.

ఇప్పుడు బిల్లు చూద్దాం. తీగ చిన్నదయ్యేకొద్దీ సన్నబడుతుంది, నిరోధం పెరుగుతుంది. వెడల్పు 10 మైక్రాన్లు, మందం 2 మైక్రాన్లు ఉన్న రాగి గీత అనుకుందాం. రానూ పోనూ పొడవు 4 మిల్లీమీటర్లు. నిరోధం సుమారు 3.4 ఓములు వస్తుంది. అందులో సగం ఆంపియరు పంపితే, ఐ స్క్వేర్ ఆర్ లెక్కన 0.85 వాట్లు. పల్సు ఉన్నంతసేపే కదా అనుకుని, 0.3 మిల్లీసెకన్ల పల్సులు సెకనుకి 130 చొప్పున వేసుకున్నా, సగటున 33 మిల్లీవాట్లు. ఇదంతా వెంట్రుకంత వస్తువులోంచి, మెదడు మధ్యలో. మెదడు కణజాలం ఒకటి రెండు డిగ్రీల పెరుగుదలకే ఇబ్బంది పడుతుంది.

అదే డీబీఎస్ ఎలక్ట్రోడు లెక్క చూడండి. 3 వోల్టులు, 3 మిల్లీఆంపియర్లు, 60 మైక్రోసెకన్లు, సెకనుకి 130 సార్లు. సగటున 70 మైక్రోవాట్లు. మన తీగచుట్ట దానికి నాలుగొందల రెట్లకి పైనే తింటోంది. అయిదేళ్ళు రావలసిన బ్యాటరీ వారాల్లో చేతులెత్తేస్తుంది. ఇది నేను కాగితం మీద వేసిన ముతక లెక్క, మంచి డిజైనుతో తగ్గించొచ్చు, రోజూ ఛార్జింగ్ పెట్టుకునే బ్యాటరీ వాడొచ్చు. కానీ పది శాతం, ఇరవై శాతం ఆదా చేస్తే సరిపోయే వ్యవహారం కాదు. రెండు సున్నాలు కొట్టేయాలి.

ఇంకో చిక్కు ఉంది, అది ఇంకా మౌలికమైంది. టీఎమ్మెస్‌లో వేల ఆంపియర్లు, ఇక్కడ ఒక ఆంపియరు లోపు. కాబట్టి పుట్టే క్షేత్రం చాలా చిన్నది. వాలు నిటారుగా ఉందన్న ఒక్క కారణంతో అంత చిన్న క్షేత్రం నరాన్ని లేపగలదా? లేచింది నిజమే, కానీ లేపింది అయస్కాంతమేనా? వేడి తగిలినా నరాలు లేస్తాయి. తీగలో వోల్టేజీ ఉంది కాబట్టి, పైనున్న ఇన్సులేషన్ పొర కెపాసిటరులా పనిచేసి కాస్త కరెంటు లీకైనా లేస్తాయి. అప్పుడు అది వేషం మార్చుకున్న ఎలక్ట్రోడే అవుతుంది. తీగచుట్ట తిప్పితే స్పందన మారడం, నిలువు కణాలు లేచి అడ్డం నరాలు లేవకపోవడం అయస్కాంతం వైపే సాక్ష్యం చెప్తున్నాయి. అయినా కొత్త డిజైను వచ్చిన ప్రతిసారీ ఈ సాక్ష్యం మళ్ళీ చూపించాల్సిందే. బగ్ పోయింది అన్నప్పుడు "నువ్వు మార్చిన లైను వల్లే పోయిందా, సర్వరు రీస్టార్టు వల్ల పోయిందా" అని అడుగుతాం చూడండి, అదే ప్రశ్న.

వీడియోలో చెప్పిన ఇంకో గొప్ప, "లోహం తగలదు కాబట్టి మచ్చ పొరతో బాధ లేదు" అన్నది. ఇది సగం నిజం. అయస్కాంత క్షేత్రానికి ఆ పొర అడ్డం కాదు, నిజమే. ఇన్సులేషన్ కింద లోహం దాక్కుంటుంది కాబట్టి రసాయన చర్యల గొడవా తగ్గుతుంది. కానీ పొర ఏర్పడటం ఆగదు. పొర దళసరి అయ్యేకొద్దీ కణాలు తీగకి దూరం జరుగుతాయి. మన లాభమంతా మైక్రాన్ల దగ్గరతనంలో ఉన్నప్పుడు ఆ దూరం లెక్కలోకి వస్తుంది. అలాగే పుర్రెకి రంధ్రం తప్పదు, లోపలికి తీగ తప్పదు, ఛాతీలో డబ్బా తప్పదు. "ఆపరేషన్ లేకుండా" అన్న మాట ఆ వీడియోలో ఎవరు కలిపారో గానీ, పేపర్లలో అలాంటిదేమీ లేదు.

సో, లెక్క తేలింది ఇది. నేను చదివిన పేపర్లలో ఈ బుల్లి తీగచుట్ట చేరింది కుందేలు రెటీనా దాకా, హామ్‌స్టర్ దాకా, చిట్టెలుక మీసం దాకా. పార్కిన్సన్స్ ఉన్న మనిషి దాకా కాదు. బార్కర్ యంత్రం 1985లో మనిషి మీదే పనిచేసింది, అయినా డిప్రెషన్ చికిత్సగా అనుమతి తెచ్చుకోవడానికి 23 ఏళ్ళు పట్టింది. బెనబిద్ 1987లో వణుకు ఆపి చూపిస్తే, పార్కిన్సన్స్‌కి అమెరికా అనుమతి రావడానికి 15 ఏళ్ళు పట్టింది. ఎలుక దగ్గర మొదలైనదానికి అంతకంటే తక్కువ పడుతుందని ఏ ధైర్యంతో చెప్పను?

మావయ్యకి అదే చెప్పాను. "ఇది మంచి ఆలోచనే మావయ్యా, నిజమైన సైన్సే. కానీ నీ కోసం కాదు, నీ మనవడి తరానికేమో. నువ్వు ఎదురుచూడాల్సింది దీని కోసం కాదు. డీబీఎస్ చేయించుకోవాలా వద్దా అన్నది డాక్టరుగారితో మాట్లాడి నిర్ణయించుకో. వద్దనుకున్నా ఫరవాలేదు, కానీ ఇది వస్తుందని మాత్రం వద్దనుకోకు." బావకి కోపమొచ్చింది, ఆశ మీద నీళ్ళు పోశానన్నాడు. వాడి బాధ నాకు అర్థమైంది. పదివేల మైళ్ళ అవతల ఉన్న కొడుక్కి, తండ్రి తలకి రంధ్రం పెడతారంటే ఏదో ఒక వేరే దారి ఉంటే బావుండనిపిస్తుంది. కానీ ఆశ పేరుతో రెండేళ్ళు పోతే ఆ రెండేళ్ళు నడిచేది, పడేది, లేవలేనిది మావయ్య. మావయ్య పరీక్షలకి పేరు రాయించుకున్నాడు. పనికొస్తాడో లేదో డాక్టర్లు తేలుస్తారు.

ఇక్కడితో ఆపొచ్చు, కానీ సాఫ్ట్‌వేరు వాళ్ళం కాబట్టి ఇంకో మాట చెప్పాలి. మెదడులో పెట్టే ఏ వస్తువైనా, తీగచుట్టైనా ఎలక్ట్రోడైనా, ఒక ప్రొడక్టు. దానికి ఫర్మ్‌వేరు ఉంటుంది, విడిభాగాలుంటాయి, సపోర్టు ఉంటుంది, సపోర్టు ఆగిపోయే రోజు కూడా ఉంటుంది. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ ఆర్గస్ టూ అని చూపు లేనివాళ్ళకి రెటీనా మీద అమర్చే పరికరం చేసింది. 60 ఎలక్ట్రోడ్లు, కళ్ళజోడులో కెమెరా. 2011లో యూరప్‌లో, 2013లో అమెరికాలో అనుమతి వచ్చింది. 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2019లో కంపెనీ దాన్ని ఆపేసింది, 2020లో ఉద్యోగుల్లో చాలామందిని తీసేసింది. కంటిలో పరికరం మిగిలింది, దాన్ని చూసేవాళ్ళు మిగల్లేదు. ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక 2022లో ఈ కథ బయటపెట్టేదాకా చాలామందికి ఈ సంగతి తెలియదు. మనం రోజూ పాత వెర్షన్లకి "సపోర్టు ముగిసింది" అని మెయిల్ కొట్టేస్తాం. ఆ మెయిల్ ఒకరి కంటికో మెదడుకో అందడం అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది.

అందుకే మావయ్య ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు ఒక కాగితం రాసిచ్చాను. బ్యాటరీ ఎన్నేళ్ళు వస్తుంది, మార్చడానికి ఎంతవుతుంది? రోజూ ఛార్జింగ్ పెట్టుకునే రకమైతే, చేతులు వణికే మనిషి ఒక్కడే ఉన్నప్పుడు పెట్టుకోగలడా? తర్వాత ఎమ్మారై తీయాల్సొస్తే ఈ మోడలుకి కుదురుతుందా? సెట్టింగులు మార్చేవాళ్ళు ఈ ఊళ్ళోనే ఉంటారా, ప్రతిసారీ హైదరాబాదు రావాలా? కంపెనీ ఈ మోడలు ఆపేస్తే విడిభాగాలు ఎన్నేళ్ళు ఇస్తామని రాసిస్తారా? మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది పెడతామంటే ఇవే అడగండి. వీటిలో ఒక్కటి కూడా న్యూరాలజీ ప్రశ్న కాదు. ఏ వెండరునైనా మనం అడిగే మామూలు ప్రశ్నలే.

తీగచుట్ట మీద పని జరగాలి, బాగా జరగాలి. వాడి ఐ స్క్వేర్ ఆర్ ఎవడో ఒకడు తగ్గిస్తాడు, రెండు సున్నాలు ఎవడో కొట్టేస్తాడు, ఆ రోజు నేనే అందరికంటే ముందు వీడియో పంపుతాను. ఈలోగా ఇలాంటి వార్త వచ్చినప్పుడు రెండే చూడండి.. ఏ జంతువు దాకా వచ్చింది, ఎన్నేళ్ళ కిందట వచ్చింది. ఈసీఈ మిత్రులెవరైనా నా వేడి లెక్క ఇంకా బాగా వెయ్యగలిగితే చూపించండి. 33 మిల్లీవాట్లు తగ్గుతాయంటే నాకంటే సంతోషించేవాడు ఉండడు.